ఎవరి బండి ఎక్కితే వాళ్ళింటి బువ్వ

మస్కట్ నుంచి వచ్చిన మనిషి శంషాబాదులో విమానం దిగి ఇల్లు చేరడానికి దారులు బోలెడున్నాయి. కారు మాట్లాడుకోవచ్చు, ఫోనులో వేలితో నొక్కి బండి పిలిపించుకోవచ్చు, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోవచ్చు. కానీ ఇదంతా చుట్టపక్కాలు లేనివాళ్ళ సుఖం. పాన్‌గల్ జయరాజు లాంటి వాడికి ఆ సుఖం ఎక్కడిది? ఎవరో ఒకరు బండి వేసుకొని వస్తారు, రెక్క పట్టుకొని ఎక్కమంటారు, నోరు మూసుకొని ఎక్కాలి.

ఎక్కి కూర్చుంటే అయిపోయేదైతే ఈ కథే లేదు. జయరాజు వాడలో ఒక కట్టుబాటుంది. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఇంతవరకు దాన్ని దాటినవాడు లేడు. విమానం దిగినవాడు ఎవరి బండి ఎక్కితే వాళ్ళింట్లోనే మొదటి బువ్వ తినాలి. మొదటి బువ్వ తిన్న ఇంట్లోనే పెట్టె విప్పాలి. పెట్టె విప్పాక అక్కడున్న వాళ్ళకు ఉత్త చేతులు చూపిస్తే మనిషి అనిపించుకోడు. కాబట్టి బండి ఎక్కడమంటే బండి ఎక్కడం కాదు, మూడేళ్ళ కష్టాన్ని ఎవరి నట్టింట్లో కుప్పపోయాలో తేల్చుకోవడం. ఇక తిరిగి పోయేటప్పుడు అంటారా, అప్పుడు అందరికీ పనులుంటాయి. "వచ్చేటప్పుడు తుఫాను, పోయేటప్పుడు ఆర్టీసీ" అని వాడలో సామెతే ఉంది.

జయరాజు మస్కట్‌లో టైల్స్ వేసే మేస్త్రీ. పెళ్లయిన రెండో ఏడే అక్కడికి పోయాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఏం జరిగిందో వాడంతా ఎరుగును. అతని అక్క సత్తెమ్మ పెద్దమందడిలో ఉంటుంది. ఆమె పెనిమిటికి జనాన్ని తిప్పే తుఫాన్ బండి ఉంది. ఆ బండి నిండా మనుషులను ఎక్కించుకొని వచ్చి తమ్ముణ్ణి తీసుకుపోయింది. పెద్దమందడి దారిలోనే తగులుతుంది కదా, బువ్వ తిని పోదామనుకున్నాడు జయరాజు. తిన్నాడు. పెట్టె విప్పారు. రెండు రోజులు యాట కూర, నవ్వులు, ఫొటోలు. మూడోరోజు పాన్‌గల్ చేరి పెళ్ళాం రెబెకా ముందు పెట్టె తెరిస్తే అందులో అడుగున ఒక తలనొప్పి బాము డబ్బీ దొర్లుతూ కనబడింది.

రెబెకా ఆ ఖాళీ పెట్టెలో పల్లీ విత్తనం పోసి మూలకు నెట్టింది. సెలవంతా మొగుడితో ముక్తసరిగా మాట్లాడింది. జయరాజు ఎన్నిసార్లు బతిమాలినా చెప్పింది ఒకటే మాట: "అక్కనే ఇప్పిందే. పెద్దది గదా, నేనేం జెయ్యాలె?"

ఈసారి టికెట్ ఖాయమైన రోజే ఫోనులో రెబెకా తన మాట చెప్పేసింది.

"ఇగో, మంచిగ ఇను. ఈపారి పెట్టె నా గడప లోపట్నే తెరవాలె. నా చేతితోనే తెరవాలె. గట్ల గాకుంటే నువ్వు, నీ పెట్టె, మీ అక్క ముగ్గురు ఒక్కకాడ సల్లగుండుండ్రి. నేను మా అమ్మోళ్ళింటికి పోత."

ఉత్తుత్తి బెదిరింపులు రెబెకా ఇంటా వంటా లేవు. ఒకసారి మేక వంటింట్లో దూరితే "ఇంకొక్కపారి అచ్చినవంటే నిన్ను అమ్మేస్త" అని మేకతోనే చెప్పింది. మేక నమ్మలేదు. పొద్దుగూకే సరికి కొట్టం ఖాళీ.

అందుకని జయరాజు బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. వచ్చేది బుధవారం పొద్దున. అక్కకు, బావమరిది డేవిడ్‌కు, దోస్తు హన్మంతుకు, అందరికీ గురువారం అని చెప్పాడు. రెబెకా ఒక్కదానికే నిజం చెప్పాడు. దిగీ దిగగానే విమానాశ్రయం బస్సులో ఆరాంఘర్ చేరి, అక్కడ వనపర్తి బస్సు పట్టుకొని, వనపర్తిలో ఆటో ఎక్కి చీకటి పడకముందే గడపలో ఉంటాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఇంత తెలివి తనకు ఎక్కడి నుంచి వచ్చిందా అని విమానంలో తనకు తానే ముచ్చటపడ్డాడు.

శంషాబాదులో పెట్టె దొరకడం ఎంతసేపు? తిరిగే పట్టా మీద అన్ని పెట్టెల్లోకీ నీలం ప్లాస్టిక్ తాడుతో నిలువునా అడ్డంగా బిగించిన పెట్టె అదొక్కటే. దాన్ని తోపుడు బండి మీద పెట్టుకొని, ఈల వేసుకుంటూ బయటి తలుపు దాటాడు. ముందు ఎండ తగిలింది. వెంటనే సత్తెమ్మ గొంతు తగిలింది.

"అగో! అగో నా తమ్ముడు! అచ్చిండు!"

జయరాజు గబుక్కున తోపుడు బండి వెనక్కి తిప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ తుపాకీ జవాను తల అడ్డంగా ఊపాడు. ముందు అక్క, వెనక జవాను. రెంటిలో అక్క దగ్గరే ప్రాణానికి కొంచెం భరోసా ఉందనిపించి ముందుకే నడిచాడు.

సత్తెమ్మ ఒక్కతే రాలేదు. పెనిమిటి, ఇద్దరు కోడళ్ళు, వాళ్ళ పిల్లలు, విమానం ఎట్లుంటదో చూస్తానని బండెక్కిన పక్కింటి ముసలమ్మ, అందరూ బంతిపూల దండతో వరుసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకు కొంచెం ఎడంగా నల్లద్దాలు పెట్టుకొని డేవిడ్. రెబెకా తమ్ముడు కదా, వనపర్తిలో ఈమధ్యే సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. చేతిలో మనిషంత ఫ్లెక్సీ. దాని మీద జయరాజు పెళ్ళినాటి ఫొటో, కింద "బావగారికి సుస్వాగతం". ఇంకొంచెం దూరంలో తలకు తువ్వాల చుట్టుకొని హన్మంతు. అతను పక్క చేనువాడు. టమాటాలు పట్నం మార్కెట్లో దింపి, ఖాళీ ట్రాలీ బండి రోడ్డు మీద ఎక్కడో ఆపి నడుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, నేనచ్చేది రేపు గదా?" అన్నాడు జయరాజు. మనిషి ఎదురుగా నిలబడి అనాల్సిన మాట కాదని అన్నాక తెలిసింది.

"ఏమోరా, మైకుల బుధవారమనే జెప్పిండ్రు!" అంది సత్తెమ్మ దండ వేస్తూ.

"మైకులనా?"

"మీ అయ్యగారు. ఐతారం నాడు."

కొద్దిసేపట్లో సంగతంతా బయటికొచ్చింది. రెబెకా ఎవరికీ చెప్పలేదు. ఒక్క దేవునికి చెప్పుకుంది. చర్చి ఏసురత్నం అయ్యగారి దగ్గరికి పోయి, మా ఆయన బుధవారం పొద్దున దిగుతుండు, ఎవ్వరికి తెల్వొద్దు, ప్రయాణం సల్లగ జరిగేటట్టు ప్రార్థన జెయ్యండ్రి అని అడిగింది. అయ్యగారు మంచి మనిషి. ఏ ప్రార్థన అవసరతనూ మరిచిపోడు. ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకొని, "మన సహోదరుడు జయరాజు బుధవారము ఉదయము మస్కట్ నుండి రహస్యముగా వచ్చుచున్నాడు, ఎవరికీ తెలియకుండా క్షేమముగా ఇల్లు చేరునట్లు అందరమూ లేచి నిలబడి ప్రార్థన చేద్దాము" అన్నాడు. చర్చి పైన కట్టిన మైకుల్లో ఒకటి పొలాల వైపు తిరిగి ఉంటుంది. టమాటాలు కోస్తున్న హన్మంతు కూడా చేతులు కడుక్కొని ఆమెన్ అన్నాడట. ఆరాధన ముగిసేలోపే ఫోన్లలో మాట పెద్దమందడికీ వనపర్తికీ పాకింది; ఆనాడు అంగడికి పోయిన రెబెకాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, రహస్యం కదా.

"నీకెందుకురా గింత రహస్యం? పరేషాన్ గాకు, మేమున్నం గదా," అంది సత్తెమ్మ. తమ్ముడి చెంపలు రెండు చేతులతో పట్టుకొని చూసి కళ్ళు తుడుచుకుంది. "ఎండిపోయినవురా. నడువు. తెల్లారకముందే లేచి యాట కూర వండి పొయ్యి మీద పెట్టి అచ్చిన. చేతులు కడుగుడే ఆలస్యం."

ఆమె పెనిమిటి మాటలు తక్కువ మనిషి. పని ఎక్కువ. ఈ మాటల మధ్యలోనే పెట్టెను తుఫాన్ మీదికి ఎక్కించి రెండు తాళ్ళు వేసి కట్టేశాడు.

"అక్కా, ఆగక్కా. జర ఆగు..." అన్నాడు జయరాజు.

"బావా, గా డొక్కు బండిల ఏం పోతవ్? మన కార్ల ఏసీ ఉన్నది," అన్నాడు డేవిడ్ ఫ్లెక్సీ చుట్టుకుంటూ. "సక్కగ వనపర్తి పోదాం. అమ్మ నాటుకోడి కోసి పెట్టింది. తిని, పెట్టె జర ఇప్పి చూస్కోని, సల్లపొద్దుకు పాన్‌గల్ పోదాం."

"పెండ్లాం తమ్ముని బండెక్కి అత్తింట్ల పెట్టె ఇప్పుతడా నా తమ్ముడు? ఇల్లరికం పోయిండా?" అని సత్తెమ్మ గయ్యిమంది.

"మీ లొల్లి మీరు వడుండ్రి. జయరాజు, నువ్వు నా ఎంట రా," అన్నాడు హన్మంతు. "నా బండ్ల పెట్టె లేదు, బువ్వ లేదు. షాద్‌నగర్ దాటినంక ఒకకాడ మంచి కల్లు దొరుకుతది. ఆడ జరసేపు కూసుందం."

అప్పుడు జయరాజుకు సంగతి తేటగా అర్థమైంది. వచ్చినవి మూడు బండ్లు, మూడూ తనకోసమే, ఒక్కటీ తన ఇంటికి పోదు. ఒకటి పెద్దమందడిలో ఆగుతుంది, ఒకటి వనపర్తిలో అత్త చేతికి అప్పజెప్పుతుంది, ఒకటి కల్లు కాంపౌండులో దించుతుంది. ఇంత మంది ప్రేమిస్తుంటే మనిషి ఇల్లు చేరేదెట్లా?

ఇంతలో బండ్లు ఎక్కువసేపు నిలపనియ్యని గార్డు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "చలో చలో, ఎవరి బండి ఇది? తియ్యాలె!" అని తుఫాన్ మీద చరిచాడు. ఒక కోడలు ఎక్కింది, ఒక పిల్ల దిగింది, ముసలమ్మ ఇంకా ఆకాశం చూస్తోంది. డేవిడ్ కారుకూ అదే ఈల. ఆ గందరగోళంలో సత్తెమ్మ తమ్ముడి చొక్కా పట్టుకొని లోపలికి లాగుతుంటే, జయరాజుకు మూడేళ్ళుగా రాని ధైర్యం వచ్చింది.

"అక్కా, ఎవరి బండెక్కినా ఇంకొకరికి కోపం. నేను ఎవ్వరి బండెక్క. సర్కారు బండెక్కుత!" అని చొక్కా విడిపించుకొని, ఎదురుగా కదలబోతున్న బస్సు వైపు పరుగు తీశాడు. మెడలో బంతిపూల దండ ఎగురుతోంది. బస్సు ఎక్కి, డోరు మూసుకొన్నాక వెనక్కి చూస్తే తుఫాన్ నెత్తి మీద నీలం తాళ్ళ పెట్టె కులాసాగా కూర్చొని ఉంది.

అయ్యో, పెట్టె!

 ఎందుకైనా మంచిదని రెబెకాకు ఫోను చేశాడు.

"దిగినవా?" అంది రెబెకా.

"దిగిన."

"ఏ బండెక్కినవ్?"

"బస్సు."

అవతల గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నిజంగనా? ఎవ్వరి బండెక్కలేదా? ఒట్టు? పెట్టె ఒళ్ళె పెట్టుకున్నవా, కిందేసినవా? జాగ్రత్త, ఆరాంఘర్ కాడ జనం ఎక్కువుంటరు."

జయరాజు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. "పెట్టె... అక్క తుఫాన్ల అస్తుంది."



"అట్లనా. మంచిది. పెట్టె ఏ ఇంటికి పోతే నువ్వు గూడ ఆ ఇంటికే పో," అని పెట్టేసింది. అయ్యగారి మైకు సంగతి చెప్పి కొంచెమైనా నెగ్గుకొద్దామనుకున్నాడు. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆరాంఘర్‌లో వనపర్తి బస్సు కిక్కిరిసి వచ్చింది. జయరాజుకు నిలబడే చోటు దొరికింది. దాన్ని చోటు అనడం కూడా గౌరవించి అన్నట్టే. ఒక కాలు జొన్నల సంచి మీద, ఇంకో కాలు ఎవరి కాలి మీదో. టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టరమ్మ అతని మెడలో దండను, నుదుటి మీద చెమటను మార్చి మార్చి చూసింది.

"ఏందన్నా, పెండ్లికి పోతున్నవా, పారిపోయొస్తున్నవా?"

జయరాజు జవాబు చెప్పేలోపు వెనకనుంచి హారన్ మోగింది. తుఫాన్. దాని వెనక డేవిడ్ కారు, పైన ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ వెనక హన్మంతు ట్రాలీ. బస్సు ఆగితే అవి ఆగుతున్నాయి, కదిలితే కదులుతున్నాయి. మంత్రికి కూడా ఇంత కాన్వాయ్ ఉండదు. ఒకటే తేడా, మంత్రి నిలబడి పోడు.

"గా ఫ్లెక్సీల ఉన్నది నువ్వే గదా?" అంది కండక్టరమ్మ.

ఇక దాచి లాభం లేదు. జయరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకరికి చెబితే బస్సుకంతటికీ చెప్పినట్టే. షాద్‌నగర్ వచ్చేసరికి బస్సు రెండు పార్టీలైంది.

"అక్క గంతదూరం అచ్చి ఏడుస్తుంటె బస్సెక్కుతవా? పాపం తగుల్తది," అంది ముందు సీటు పెద్దమ్మ.

"నువ్వూకో పెద్దమ్మా. అక్కతోని రెండొద్దులు, పెండ్లాంతోని రోజూ. ఏది ఎక్కువ?" అన్నాడు వెనకాల నిలబడ్డ రైతు. ఆయనకు ఈ విషయంలో సొంత అనుభవం ఉన్నట్టు ముఖమే చెబుతోంది.

షాద్‌నగర్ దాటాక హన్మంతు ట్రాలీ కనబడలేదు. అతని దాహం సంగతి తెలిసిందే కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. జడ్చర్లలో బస్సు ఆగగానే సత్తెమ్మ ఉరుక్కుంటూ వచ్చి కిటికీలోంచి మిరపకాయ బజ్జీల పొట్లం అందించింది.

"తినురా. పొద్దున్నుంచి ఏం తినలేదు. దిగు, నా మాటిను. నిలవడి నిలవడి నడుం ఇరుగుతది."

"వద్దక్కా. నువ్వు పెట్టె జర..." అన్నాడు జయరాజు.

పెట్టె అనే మాట వినగానే సత్తెమ్మ ముఖం మారిపోయింది. తమ్ముణ్ణి ఒకసారి కిందినుంచి పైదాకా చూసింది. వెనక్కి తిరిగి పోయింది. పొట్లం మాత్రం బస్సంతా పంచుకొని తిన్నారు, రెండు పార్టీల వాళ్ళూ.

డేవిడ్ కూడా ఓపిక పట్టలేక, హారన్ కొట్టి బస్సును దాటి ముందుకు పోయాడు. ఇక మిగిలింది తుఫాన్ ఒక్కటే. జయరాజు వంగి వంగి వెనక అద్దంలోంచి దాన్నే చూస్తున్నాడు. పెద్దమందడి దారి చీలే దగ్గర బస్సు నేరుగా పోయింది. తుఫాన్ పెద్దమందడి వైపు మళ్ళింది. నీలం తాళ్ళ పెట్టె చెట్ల సందుల్లో రెండుసార్లు కనిపించి మాయమైంది. అక్కకు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"ఇగ అయిపాయె," అన్నాడు పైకే.

రెండు పార్టీలూ ఒక్కటై అతని మీద జాలిపడ్డాయి. పెద్దమ్మ లేచి తన సీటు ఇవ్వబోయింది. వనపర్తి బస్టాండులో దిగుతుంటే కండక్టరమ్మ, "ధైర్యంగ పో అన్నా. ముందు కాళ్ళ మీద పడు, తర్వాత మాట్లాడు," అని సలహా కూడా ఇచ్చింది.

ఆటో దిగి ఇంటి ముందుకొచ్చే సరికి ఎండ ఇంకా వాలలేదు. డేవిడ్ కారు ముందే వచ్చి వేపచెట్టు నీడన ఉంది. రెబెకా గడప మీద కూర్చొని చాటలో పల్లీలు ఏరుతోంది. పక్కన ఒక సంచి, సర్దిపెట్టి ఉంది. ఆ సంచి చూడగానే జయరాజుకు మేక గుర్తుకొచ్చింది.

"పెట్టె ఏది?" అంది తల ఎత్తకుండా.

"చెప్పిన గదనే."

"పెట్టె యాడుంటే ఆడికే పొమ్మన్న గదా."

"పెట్టె కోసం అచ్చిన్నా? నీకోసం అచ్చిన. మూడు బండ్లు ఇడిసిపెట్టి బస్సుల నిలవడి అచ్చిన. అడుగు డేవిడ్‌ని."

"నిలవడే అచ్చిండక్కా," అన్నాడు డేవిడ్ కారులోంచి. "ఒక్క కాలు మీద."

రెబెకా చెయ్యి చాటలో ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. "నాకోసం అచ్చేటోడు పోయినపారి రెండొద్దులు యాడున్నడు?"

"పోయినపారి నేనేం జేస్తనే? అక్కనే పెట్టె ఇప్పింది. వద్దు వద్దు అంటున్నా ఇనలేదు. మా అక్క సంగతి నీకు తెల్వదా..."

డేవిడ్ దగ్గాడు. జయరాజు పట్టించుకోలేదు. డేవిడ్ ఇంకా గట్టిగా దగ్గాడు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సందు మొగదాల తుఫాన్ ఆగి ఉంది. దాని నెత్తి మీద పెట్టె ఉంది. ఇటు పక్క అక్క ఉంది. నెత్తి మీద బట్ట చుట్ట, చుట్ట మీద పెద్ద సత్తుగిన్నె.

"ఏందిరా?" అంది సత్తెమ్మ. "నేనిప్పిన్నా?"

జయరాజు మెడలో దండ సవరించుకున్నాడు.

"నేనిప్పిన్నారా పెట్టె? వద్దురా తమ్మీ, పెండ్లాం ఎదురుచూస్తుంటది, ఇంటికాడ ఇప్పుకో అని నేను మొత్తుకోలేదా? బువ్వ తిని మూతి తుడుసుకోని, నలుగురు 'అబ్బ, జయరాజు ఎంత పెద్దోడైండు' అనంగనే నువ్వే గదరా పెట్టె గుంజి నడింట్ల వెట్టినవ్! ఏది గావాలె తీస్కోండ్రి, ఏది గావాలె తీస్కోండ్రి అని అంగడి దుకాణపోని లెక్క అరిసినవ్! ఆఖర్ల నేనే గా బాము డబ్బీ దాసి అడుగున వెట్టిన, పిల్లకు ఉత్త పెట్టె పోవద్దని!"

సత్తెమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. గిన్నె నెత్తి మీద అట్లే ఉంది. "మూడేండ్లకు అచ్చిన తమ్మునికి ఇంత బువ్వ పెడుదామని ఉరికొస్తే బస్సెక్కి ఉరికితివి. కిటికీ కాడికి బజ్జీలు తెస్తే, అక్క ఎట్లున్నదని అడగకుంట పెట్టె అంటివి. నేను పెట్టె కోసం అచ్చిన్నారా? బండెక్కకున్నా బువ్వ తినాలె గదా అని ఇంటికి పోయి గిన్నె ఎత్తుకోని అచ్చిన. మా ఇంట్ల తినకుంటే తినకు. మా ఇంటి బువ్వ తిను."

 రెబెకా చాట పక్కన పెట్టి లేచింది. జయరాజు వైపు నడిచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె అతన్ని దాటిపోయి ఆడబిడ్డ నెత్తి మీది గిన్నె రెండు చేతులతో దించుకుంది.

"లోపటికి రా వదినా. కాళ్ళు కడుక్కో," అంది. "ఈయినె సంగతి మనిద్దరం తర్వాత చూసుకుందం."

జయరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. పెళ్ళాం ఇల్లు విడిచి పోవడం లేదు. అది సంతోషమే. కానీ ఇంతకాలం ఒకరి మీద ఒకరు కోపంగా ఉండి అతన్ని కాపాడిన ఇద్దరు ఆడవాళ్ళు ఒక్కటయ్యారు. ఇక ఏ మూల దాక్కోవాలి?

పెట్టె దించారు. రెబెకా కొడవలితో నీలం తాళ్ళు కోసి, గడప లోపల, నడింట్లో, తన చేతితో తెరిచింది. ఈలోపు వాడంతా పోగయ్యింది. తువ్వాల జారిపోయి, నవ్వు ముఖంతో హన్మంతు కూడా వచ్చి చేరాడు. ఏసురత్నం అయ్యగారు వచ్చి, ప్రార్థన ఎట్లా నెరవేరిందో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

రెబెకా ఒక్కొక్కటే పైకి తీసింది. ఖర్జూరాల డబ్బా పెద్దది చూసి అయ్యగారి చేతిలో పెట్టింది. "తినుండ్రి అయ్యగారు, ఇప్పుడే తినుండ్రి," అంది. నోట్లో ఖర్జూరం ఉన్నంతసేపైనా ఊళ్ళో రహస్యాలు దాగి ఉంటాయని. డేవిడ్‌కు అత్తరు, హన్మంతుకు టార్చిలైటు, పిల్లలకు చాక్లెట్లు, ముసలమ్మకు పాల పొడి డబ్బా. చివరికి అడుగున మందపాటి మెరూన్ కంబళి. దాని మీద గులాబీ పూలు. మస్కట్‌లో నాలుగు దుకాణాలు తిరిగి కొన్నది.

"అది నీకు," అన్నాడు జయరాజు గొంతు తగ్గించి.

"తెల్సు," అంది రెబెకా. దాన్ని మడత విప్పకుండా తీసుకుపోయి సత్తెమ్మ ఒళ్ళో పెట్టింది. "వదినా, చలికి కప్పుకో."

సత్తెమ్మ వద్దంటే వద్దంది. రెబెకా పెట్టుకోమంటే పెట్టుకోమంది. ఇద్దరూ కంబళి అటు ఇటు గుంజుకొని కాసేపు కొట్లాడి, ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చి, ఆ వెంటనే నవ్వి యాట కూర వడ్డించారు. రెబెకా అంత గట్టిగా నవ్వడం జయరాజు పెళ్లి తర్వాత చూడటం ఇదే మొదటిసారి. పెట్టెలో చూస్తే మళ్ళీ ఒక బాము డబ్బీయే మిగిలింది.

జనం పోయే సరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో డేవిడ్, హన్మంతు, సత్తెమ్మ పెనిమిటి అప్పుడే కొత్త పంచాయతీ పెట్టుకున్నారు, సెలవైపోయి జయరాజు తిరిగి పోయేటప్పుడు ఎవరి బండిలో దింపాలని. అందరికీ తెలుసు, ఆ రోజు వచ్చేసరికి డేవిడ్ కారు రిపేరులో ఉంటుంది, హన్మంతుకు టమాటాలుంటాయి.

లోపల జయరాజు బోర్లా పడుకొని ఉన్నాడు. రెబెకా అరలోంచి పాత బాము డబ్బీ తీసింది. సగం పైనే ఉంది. వేలితో తీసి అతని నడుముకు రాయసాగింది.

"అన్ని పంచితివి. నీకేం మిగిలె?" అన్నాడు జయరాజు.

"పంచింది నేను గదా," అంది. ఆ జవాబు అతనికి సగమే అర్థమైంది. సగమే చాలనుకున్నాడు.

కాసేపటికి ఆమే అంది. "నువ్వు పోయే తారీఖు అయ్యగారికి నేనే జెప్త."

జయరాజు ఉలిక్కిపడి తల ఎత్తాడు. "మల్లనా? మల్ల మైకుల జెప్తడే!"

"జెప్పనియ్యి. అందరు బండ్లు దీస్కోని రావాలె. తుఫాను, కారు, ట్రాలీ, అన్ని రావాలె. నేనే ఒక్కొక్కరి ఇంటికి పోయి అడుగుత." రెబెకా చెయ్యి ఆగలేదు. "పోయినపారి నిన్ను దింపి బస్సుల ఒక్కదాన్నే అచ్చిన. నా పక్క సీటుల ఇంటిదాంక ఎవ్వరు కూసోలేదు."

 "ఇంకేడ నొస్తుంది?" అని ఆమె అడిగితే, జయరాజు ఊరికే మళ్ళీ నడుమే చూపించాడు.